లెక్కల టీచరక్క ఆదివారాలు

మా బడిలో లెక్కలు చెప్పే అక్క ఆదివారం కర్నూలు బస్టాండుకు వెళ్లి, ముందు ఏ బస్సు కదిలితే అది ఎక్కేసేది. ఎక్కాకే కండక్టరును అడిగేది, "ఇది యాడికి పోతాదప్పా?" అని.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పత్తికొండలో దిగి, టమాటా మార్కెట్టు గోడ నీడలో బొరుగులు తింటూ, "ఈడ నన్నెవరూ పిలవరు పాపా. శానా హాయిగా ఉండాది" అని నవ్వింది.

అక్క ఇంట్లో ట్యూషనని చెప్పి వచ్చేదని నాకు తెలియదు. మరో ఆదివారం ఆమె భర్త మా ఇంటికి ఫోన్ చేసి అడిగితే, బస్టాండులో ఆత్మకూరు బస్సెక్కుతుంటే చూశానని చెప్పేశాను.

ఆ మర్నాటి నుంచి ఆయనే బడి దగ్గర దింపి, సాయంత్రం గేటు ముందు నిలబడేవాడు.

"నువ్వు నిజమే కదా చెప్పినావు," అంది అక్క. తలెత్తలేకపోయాను.

అక్క రాయచోటికి బదిలీ అయి వెళ్లే రోజు, "మా ఇంటికి ఒకసారి రా అక్కా" అన్నాను.

"ఆయన్ని అడిగి చెప్తాలే" అంది.