పిన్నికి మ్యూజియం నడక

ఇంగ్లండులో చదివిన ఏడాదిలో నేను చాలా మ్యూజియాలు చూశాను. కళల మీద ప్రేమ అని చెప్పుకోవచ్చు గానీ, అసలు కారణం టిక్కెట్టు లేకపోవడం, లోపల వెచ్చగా ఉండడం. మొదటిసారి వెళ్లినప్పుడు తోటి విద్యార్థులు కోట్లు విప్పి కొక్కేలకు తగిలించేలోపు నేను అన్ని అంతస్తులూ చుట్టేసి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాను. అరకు కొండల్లో పెరిగినదాన్ని. దారి కనిపిస్తే దాని చివరిదాకా పోవడమే నాకు తెలిసిన నడక. అప్పుడే అయిపోయిందా అని వాళ్లు అడిగితే, అన్నీ ఉన్నాయి, ఏదీ పోలేదు అని చెప్పాను.

మెల్లగా నేర్చుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకోవాలి. పగిలిన కుండ ముందు ఆగి తల కొంచెం పక్కకి వంచాలి. పక్కనున్న చీటీ చదివి, "ఊఁ" అనుకుని, ఒక్క అడుగు జరగాలి. శనివారాలు నడక క్లబ్బువాళ్లతో పల్లెలు పట్టి తిరిగేదాన్ని. గొర్రెల మధ్యనుంచి, పొలం గట్ల మీదనుంచి పొద్దంతా నడిచి, బయల్దేరిన చోటికే వచ్చేవాళ్లం. ఫోనులో ఈ సంగతి మా పిన్నికి చెప్పాను.

"మరి ఆడే కూకుంటే పోదా?" అంది.

అలాంటి పిన్నికి, నేను చదువు ముగించి వచ్చిన చలికాలం మొదట్లో, నడకే ఉద్యోగమయ్యేలా కనిపించింది. మా ఊరి కాఫీ రైతుల సంఘం పర్యాటకులను తోటల్లో తిప్పాలనుకుంది. పొలాల్లో పచ్చగా విరిసే వలిసెపూల ముందు ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లను ఇంకో పూట ఆపాలని వాళ్ల ఆలోచన. ఆదివారం విశాఖ నుంచి ఒక కుటుంబం వస్తుంది, వాళ్లకు నచ్చితే పని నీదే అని సంఘం మేడం పిన్నికి చెప్పారు. నచ్చకపోతే ఏటా లాగే కాఫీ పళ్లను చెట్టుకే వదిలేసి, వెంటనే చేతికొచ్చే కూలి కోసం వరికోతలకు పల్లానికి దిగాలి. బాబాయి పోయాక ఒక్కతే వెళ్తోంది. నిరుటి నుంచి కోతకు వంగితే నడుం లేవనంటోంది. ఈ సంగతి ఆవిడ చెప్పలేదు. లేచేటప్పుడు గోడ పట్టుకోవడం చూశాను.

శుక్రవారం రిహార్సల్ పెట్టాం. పర్యాటకురాలిని నేనే. పిన్ని "రా" అని బయల్దేరింది. కాఫీకి నీడనిచ్చే సిల్వరోక్ చెట్ల మధ్య మొదటి మలుపు దాకా చీర కనిపించింది, తర్వాత అదీ లేదు. నేను రొప్పుతూ పైకి చేరేసరికి బండ మీద కూర్చుని ఉంది.

"ఏటే గుంటా, ఆగిపోనావు? తిండి నేదేటి ఆ దేశంలో?"

"నువ్వు ఆగాలి పిన్నీ. వాళ్లు చూడ్డానికి వస్తారు."

"ఏటి సూత్తారు?"

"ఈ మిరియాల తీగ."

"సూసేక?"

"ఇంకో మిరియాల తీగ."

పిన్ని నన్ను జాలిగా చూసింది. లాభం లేదని మ్యూజియం నడక నడిచి చూపించాను. చేతులు వెనక్కి, తల పక్కకి, ఊఁ, ఒక్క అడుగు.

"ఓలమ్మ, ఇలగ నిలబడతారేటి కుండ కాడ? ఊరోళ్లు సూత్తే దెయ్యం పట్టిందంటారు" అని నవ్వి నవ్వి, చివరికి తనూ చేతులు వెనక్కి కట్టుకుంది. సాయంత్రానికి తల వంచడంలో నన్ను మించిపోయింది.

ఆదివారం వచ్చింది ఒక రిటైరైన మాస్టారు, ఆయన భార్య, వాళ్ల కూతురు. వెంట సంఘం మేడం, నేను. పిన్ని తీగ దగ్గర ఆగి చేతులు వెనక్కి కట్టుకుంది. తల వంచింది. అంతే. ఆగాక ఏదైనా చెప్పాలని నేర్పడం నాకు తట్టనేలేదు. వాళ్లు తీగను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. మేడం నన్ను చూశారు. నేను తీగను చూశాను.

"ఇక్కడ ఏం చూడాలమ్మా?" పెద్దావిడ అడిగారు.

"ఏటీ నేదమ్మా. మా గుంట ఆగమంది, ఆగినాను."

పెద్దావిడ నవ్వాపుకోలేకపోయారు. పిన్ని నాలిక్కరుచుకుంది గానీ, ఆ నవ్వుకి చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి.

"ఈ తీగ మా ఆయన నాటినాడమ్మా. ఆ బండ నేదా, పెళ్లైన కొత్తలో దాని మీద అలిగి కూకున్నాడు. కూరలో ఉప్పు నేదన్నదీ ఆయనే, అలిగిందీ ఆయనే. పొద్దోయినా దిగడు. ఊసుపోక ఇది నాటినాడు."

"చివరికి ఎవరు దిగొచ్చారమ్మా?" మాస్టారు అడిగారు.

"ఆయనే. ఆకలేసింది" అని పిన్ని తీగను కాస్త సర్దింది.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. నేను చదివిన చీటీల్లో ఏ రాజు ఎప్పుడు పుట్టాడో ఉండేది గానీ, ఎందుకు అలిగాడో ఉండేది కాదు. భోజనం వేళ దాటిపోయినా ఎవరూ గుర్తు చెయ్యలేదు.

కిందికి దిగాక మేడం, "వచ్చే ఆదివారం ఇంకో కుటుంబం వస్తోంది. ఈ సీజనంతా నువ్వే తిప్పాలి" అన్నారు. పిన్ని తలూపింది. ఇంటికి రాగానే వరికోతల మేస్త్రీకి ఫోను చేసింది, స్పీకరు పెట్టి.

"ఈయేడు రాను బాబూ. ఈడే పని దొరికింది."

"ఏటి పని?"

"నడిసే పని."

"నడిసి?"

"నడిసి, ఆగడం."



"ఇంకో మడిసికి కాళీ ఉందేటో అడుగు" అన్నాడు మేస్త్రీ.

కనుక్కుని చెబుతానంది పిన్ని, ఉద్యోగస్తుల గొంతుతో.