ఎనిమిది మగ్గాలకు హారతి

ఉదయలక్ష్మి తిరుపతిలోని ఒక చిన్న కంపెనీలో చిప్పులు డిజైన్ చేస్తుంది. సొంతూరు నగరిలోని చుట్టాలు మాత్రం ఆమె టీవీలు బాగుచేస్తుందనే నమ్ముతారు, పాడైన రిమోట్లు కట్టగట్టి పంపుతుంటారు.

ఏడాదిన్నర కష్టపడి చేసిన ఆమె మొదటి బ్లాకుకు, అంటే చిప్పులో ఆమె వంతు భాగానికి, ఒక జబ్బు పట్టుకుంది. నిద్రలో ఉన్న దాన్ని లేపగానే లోపలి ఎనిమిది యూనిట్లూ ఒక్కసారిగా కరెంటు లాగేస్తాయి. వోల్టేజీ ధబాలున పడిపోతుంది. పక్కనున్న మెమరీ గుర్తుపెట్టుకున్నదంతా మరిచిపోతుంది. కరెంటు దాచుకునే కెపాసిటర్లను సందు దొరికిన చోటల్లా కుక్కింది. ఇక సూది మోపే చోటు లేదు. శుక్రవారం టీమ్ పెద్ద గుణశేఖర్ తేల్చేశాడు.

"సోమవారం సాయంత్రానికి కుదరకపోతే నీ బ్లాకు తీసేసి పాతదే పెట్టేస్తాం మా."

ఆమె బాత్రూములోకి వెళ్లి తనివితీరా ఏడ్చింది.

ఆదివారం నగరికి పోయింది. ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. అమ్మ వసంతమ్మ కర్పూరం వెలిగించి మొదటి మగ్గానికి హారతిచ్చింది. అప్పుడుగానీ నాయన మురుగేష్ దాని స్విచ్చు వేయలేదు. తర్వాత రెండోది. ఆ ఇంట్లో హారతి అందని మగ్గం ఆడదు. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోతే నాలుగుసార్లూ ఇదే తంతు.

ఉదయలక్ష్మికి ఈ తంతంటే చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. ఇంజనీరింగ్ రెండో ఏడు, అమ్మ ఊళ్లో లేని రోజు చూసి, కర్పూరం గిర్పూరం లేకుండా నాయన చేత ఎనిమిదీ ఒకేసారి వేయించింది. ఫ్యూజు ఠప్పుమంది. నాయన లెంపలేసుకున్నాడు. ఈమె మాత్రం ఫ్యూజు వైరు నాసిరకమని తీర్పు చెప్పింది. తప్పు ఒప్పుకునే రకం కాదు లెండి.

ఇప్పుడు నాలుగో మగ్గం ఆడింది. తలపైన బల్బు ఒక్క క్షణం మసకబారి తేరుకుంది. అమ్మ అయిదోదాని దగ్గరికి నడిచి వెళ్లింది. హారతి, స్విచ్చు. మళ్లీ మసక, మళ్లీ వెలుగు. ఉదయలక్ష్మి నోరు తెరుచుకుని బల్బునే చూస్తూ ఉండిపోయింది. తర్వాత అన్నం కూడా తినకుండా బస్సెక్కింది.

సోమవారం చిప్పులోని యూనిట్లను ఒకదాని తర్వాత ఒకటిగా, వోల్టేజీ తేరుకున్నాకే లేపింది. మెమరీ ఒక్క అక్షరం మరవలేదు. బ్లాకు నిలిచింది. సంతోషం పట్టలేక అమ్మకు ఫోన్ చేసింది.

"అమా, నీ హారతి వల్లే నా పని గట్టెక్కింది. నీ భక్తి ఊరికే పోలేదు మా!"

"బక్తి యాడిది మే? మీ నాయన తొందర మనిసి. అన్నీ ఒగేసారి ఏసి దినామూ ఫ్యూజు కాల్చేవోడు. ఒగదాని ఎనకాల ఒగటి ఎయ్యమంటే ఇన్నాడా? దేవుడి పేరు సెప్తే ఇంటాడని కర్పూరం పట్టుకున్నా."

"మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కరెంటు సదువు సదివిన దానివి. నీకు తెలిసే ఉంటాదనుకున్నా."