యూరియా లైన్లో నా చెప్పులు

ఎంబీఏ రెండో ఏడాదిలో నేను ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ తీసుకున్నానని మా నాన్న, బాపు, ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకుంటే చెప్పుకున్నాడు గానీ, అందులో మేనేజ్‌మెంట్ అన్న మాటను మింగేశాడు. మా ఊళ్ళో ఆపరేషన్ అంటే ఒకటే, కడుపు కోసి కుట్టడం. ఇంకేముంది, వాడకట్టు ఆడవాళ్ళు నేను కనపడితే చాలు, నిలబెట్టి మోకాళ్ళు చూపించడం మొదలుపెట్టారు. ఒకత్త అయితే నడిబజార్లో ఆపి, "పాత కుట్లు ముసురువట్టినప్పుడల్ల సలుపుతున్నయ్ బిడ్డా, ఎందుకంటవ్?" అని అడిగింది.

"అత్తా, నేను కోసే డాక్టర్ను గాను. కంపెనీలల్ల పని జల్ది ఎట్ల అయితదో సదువుతున్న" అన్నాను.

"అట్లనా? పని జేసేటోళ్ళు వేరే ఉంటరా మరి?" అని, నా మీద ఆశ వదులుకుని వెళ్ళిపోయింది.

ఆ సబ్జెక్టు చెప్పే సారు హైదరాబాద్ నుంచి వచ్చి కామారెడ్డిలో గది తీసుకుని ఉండేవాడు. మనిషి మంచివాడే, కానీ ఆయన ఉదాహరణలన్నీ కార్ల ఫ్యాక్టరీవే. నేను కార్ల ఫ్యాక్టరీ చూడలేదు. ఆయనా చూడలేదని నా అనుమానం. ఒకరోజు క్యూల పాఠం చెప్పి, అందరూ ఎక్కడో ఒకచోట నిజమైన లైను చూసి రాసుకురావాలన్నాడు. జనం ఎంత వేగంగా వస్తున్నారు, పని ఎంత వేగంగా అవుతోంది, ఎక్కడ ఇరుక్కుంటోంది, ఎవరు విసుగొచ్చి మధ్యలో వెళ్ళిపోతున్నారు, ఇవన్నీ చూడాలి. ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాడు. దాన్ని వైవా అంటారు. ఆ రోజు రానివాళ్ళకు మళ్ళీ పెట్టేది లేదని గట్టిగా చెప్పాడు.

మా క్లాసువాళ్ళు ఏటీఎంలు, పెట్రోల్ బంకులు పంచుకున్నారు. జన్మలో విమానం ఎక్కని మహానుభావుడొకడు విమానాశ్రయం లైను మీద రాశాడు. నేను మాత్రం లైను కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. అదే మా ఇంటికి వచ్చింది.

వానాకాలం పంట. నాటు వేసిన మా వరి మడి పసుపు తిరుగుతోంది. యూరియా ఎక్కడా దొరకడం లేదు. ఆ సమయానికే బాపు పొలం ఒడ్డు మీద జారి కాలు బెణికించుకుని మంచంలో పడ్డాడు. అమ్మ కూలికి పోతోంది.

"రేపు ఎల్లారెడ్డి సొసైటీకి లోడు వస్తదట. జర పోయి లైన్ల నిలవడు బిడ్డా" అన్నాడు బాపు. "ఒక్క బస్తా దొరికినా పొలం బతుకుతది. గిది గూడ తప్పితే ఇగ ఏసినా ఫాయిదా లేదు."

"రేపు నాకు పరీక్ష ఉన్నది బాపు."

"దేని మీద?"

"లైను మీద."

బాపు నన్ను అనుమానంగా చూశాడు. "లైన్ల నిలవడుడు గూడ కాలేజీల సెప్తరా? ఫీజు గిందుకేనా కడ్తున్నది?"

తెల్లవారగానే ఎల్లారెడ్డి వెళ్ళాను. గోదాము ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. మా దగ్గర యూరియా లైనంటే అదే, చెప్పుల లైను. ఒక జత అంటే ఒక మనిషి. జత వరుసలో విడిచి, మనిషి పోయి రేకుల షెడ్డు నీడలో కూర్చుంటాడు. లైను కదిలినప్పుడు వెనకవాళ్ళు ముందువాళ్ళ చెప్పుల్ని కూడా కాలితో ఒక్క తోపు తోస్తారు. చెప్పులు విడవడం ఇష్టంలేని ఒకాయన హెల్మెట్ పెట్టాడు. ఇంకొకాయన ఇటుక పెట్టాడు. మరొక తెలివైనవాడు ఒక చెప్పు లైన్లో పెట్టి, రెండోది వేసుకుని కుంటుతూ చాయ్‌కి పోయాడు.

నేను కాలేజీకి వేసుకునే పూసల సాండిల్స్ విడిచాను. ఆ బురద చెప్పుల నడుమ అవి పెళ్ళికి వచ్చినట్టున్నాయి. నా వెనక ఒక అవ్వ, పక్క ఊరామె, తన రబ్బరు చెప్పులు విడిచి నా వాటిని ఎగాదిగా చూసింది.

"గింత సోకు చెప్పులు యూరియాకు ఏసుకొచ్చినవేంది బిడ్డా?"

"ఇక్కడినుంచే పరీక్షకు పోవాలె అవ్వా. లారీ జల్ది వస్తే మంచిగుండు."

లారీ జల్ది ఎందుకొస్తుంది? కాసేపటికి గోదాములో బస్తాలిచ్చే అన్న బయటికి వచ్చి, "కామారెడ్డిల లోడు అయితున్నదట. మధ్యాన్నం దాటుతది" అని చెప్పి లోపలికి పోయాడు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. బస్సెక్కి కామారెడ్డి కాలేజీకి పోయి, వైవా ఇచ్చి, లారీ కంటే ముందే తిరిగి రావచ్చు. లైను విడిచి వెళ్ళిపోవడానికి మా పుస్తకంలో ఒక ఇంగ్లీషు పేరుంది. కానీ నేను లైను విడవడం లేదు కదా, చెప్పులు ఇక్కడే ఉంటాయి. పోయేవి కాళ్ళే.

"అవ్వా, జర నా చెప్పులు సూస్తవా? ఇట్ల పోయి అట్ల వస్త."

"పో బిడ్డా. నీ చెప్పులకు నేను జిమ్మేదారి. ఎవడన్న ముట్టుకుంటే కాళ్ళు ఇరగ్గొడ్త" అంది అవ్వ. ఆ మాట విని నాకు కొండంత ధైర్యం వచ్చింది.

ఒట్టి కాళ్ళతో బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సు, కాలు పెట్టే చోటు లేదు. ఉన్న చోట ఎవరో ఒకరు నా వేళ్ళు తొక్కుతూనే ఉన్నారు. పక్క సీటామె నా పాదాలు చూసి చేతులు జోడించింది. "మొక్కు ఉన్నదా బిడ్డా? ఏ దేవునికి?"

"యూరియాకు" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, "మంచిది, దొరకాలె" అంది.

వైవాలో సారు కూడా నా ముఖం కంటే ముందు కాళ్ళే చూశాడు.

"చెప్పులేవమ్మా?"

"లైన్లో ఉన్నాయి సార్."

"ఏ లైన్లో?"

"ఎల్లారెడ్డిలో, యూరియా లైన్లో."

ఆయన పెన్ను కింద పెట్టాడు. నేను మొదలుపెట్టాను. చెప్పులు, ఇటుక, హెల్మెట్, కాలితో తోసే తోపు, అన్నీ చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, "బానే ఉంది. మరి ఎవరైనా వచ్చి నీ చెప్పుల ముందు తమవి పెట్టేస్తే?" అన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "మా దగ్గర అట్లాంటివి నడవవు సార్. ఒకరి చెప్పుల్ని దాటి ఇంకొకరు పెట్టరు. ఫ్యాక్టరీలో అయితే కెమెరా కావాలి. మాకు అవ్వ ఉంది."

సారు పగలబడి నవ్వాడు. పక్క గదిలోని మేడమ్‌ను పిలిపించి, అదంతా నాతో మళ్ళీ చెప్పించాడు. చివరికి, "ఇప్పుడే చెప్పకూడదు గానీ, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నీకే" అన్నాడు. ఆ సంతోషంలో బస్టాండు దాకా కంకర మీద కూడా గంతులేస్తూ పోయాను.

బస్సు తాడ్వాయిలో ఆగి జనాన్ని ఎక్కించుకుంటుండగా పక్క నుంచి ఒక లారీ బుర్రున పోయింది. మీద తెల్ల బస్తాలు. "యూరియా లారీ!" అని ఎవరో అరిచారు. బస్సులో సగంమంది లేచి నిలబడ్డారు.

"అన్నా, తొక్కు! లారీని దాటెయ్యి!" అని నేను డ్రైవర్ వెనకకు చేరి మొత్తుకున్నాను.

"ఆపకుంటే తిడ్తరు, ఆపితే తిడ్తరు. ఏం జెయ్యమంటవ్ చెల్లే?" అన్నాడాయన. చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆపాడు. చెయ్యెత్తని ఒకాయనకు కూడా ఆపి, వస్తావా అని అడిగాడు. లోలోపల నేను ఆయన్ని అనని మాట లేదు.

ఎల్లారెడ్డిలో దిగి పరుగు. గోదాము ముందు చెప్పుల్లోకి మనుషులు వచ్చేశారు. కిటికీ దగ్గర అవ్వ వేలిముద్ర మిషన్ మీద వేలు పెడుతోంది. ఆమె వెనక నా పూసల సాండిల్స్, దుమ్ము కూడా లేకుండా, బుద్ధిగా ఉన్నాయి. ఒక్క క్షణం సంబరపడ్డాను. ఆ తర్వాతే బుర్ర వెలిగింది. పొద్దున నేను ముందు, అవ్వ వెనక. ఇప్పుడేమో అవ్వ ముందుంది, నా చెప్పులు వెనక ఉన్నాయి.

గోదాము అన్న అవ్వకు బస్తా ఇచ్చి, లోపలికి తొంగిచూసి, షట్టర్ సగానికి దించాడు. "అయిపోయినయ్. మల్ల లోడు వచ్చినప్పుడు రాండ్రి."

"అవ్వా!" అని అరిచాను. "నిన్ను నమ్మి పోతే గిట్ల జేస్తవా? జిమ్మేదారి అన్నవ్ గద!"

"నీ చెప్పులు పోయినయా? ఉన్నయి గద. కొంగుతోని దులిపిన గూడ" అంది అవ్వ, కనురెప్ప కూడా వాల్చకుండా. "చెప్పులకు జిమ్మేదారి అన్న. నీ నంబరుకు అన్ననా?"

వెనకున్నవాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళకూ బస్తా దొరకలేదు, అయినా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్ను నా ప్రాజెక్టుల రాస్త, సూడు!" అన్నాను. నా దగ్గరున్న ఆయుధం అదొక్కటే.

"రాయి బిడ్డా, మంచిగ రాయి. ఇయ్యాల దొరకకుంటే నా మక్కచేను పోతుండే. గది గూడ రాయి" అని అవ్వ ఆటోను పిలిచింది. బస్తా ఆమెకు లేవలేదు. సాయానికి ఎవరూ కదల్లేదు. తిట్టుకుంటూనే ఒక కొస నేను పట్టాను.

ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. "గా అవ్వకు ఎంత పొలముందో" అన్నాడు బాపు. కాసేపటికి, "పరీక్ష ఎట్లయింది?" అని అడిగాడు. అందరికంటే ఎక్కువ మార్కులని చెప్పాను. తల ఊపాడు.

మర్నాడు పొద్దున కర్ర పట్టుకుని కుంటుకుంటూ, వద్దన్నా వినకుండా రోడ్డు మీది చాయ్ హోటల్‌కు బయలుదేరాడు. పడిపోతాడేమోనని నేనూ వెంట వెళ్ళాను. ఎదురుపడ్డ ప్రతివాడితోనూ ఒకటే మాట.

"యూరియా లైన్ల మా బిడ్డకు ఫస్టు మార్కులొచ్చినయ్."

"మరి యూరియా?"

"గది రాలే."

హోటల్లో అందరూ నవ్వారు. బాపు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ బల్ల మీద కూర్చుంటే మా మడి ఎదురుగానే కనిపిస్తుంది. ఆయన రోజూ అటే చూస్తూ చాయ్ తాగేవాడు. ఆ రోజు మాత్రం దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.