గుడ్లగూబ రాణి నవ్వు

ఇంట్లో అందరూ ఆమెను చిన్నది అనేవారు. పెరిగి అక్క కంటే జానెడు పొడుగైనా చిన్నదే. మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చే షాపులో పని. తిరిగొచ్చిన యాంప్లిఫయర్లు విప్పి, కాలిపోయిన తీగలు మార్చి, మళ్ళీ బిగించేది. పనికిరావని మూలన పడేసిన కీబోర్డులు ఇంటికి తెచ్చుకుని, ఒకదాని పొట్టలోది తీసి ఇంకొకదానికి అతికించేది. చప్పుళ్ళంటే ప్రాణం. కుళాయి కారే చప్పుడు, మెట్ల మీద చెప్పుల టపటప, కింది టైలరింగ్ షాపులో అక్క తొక్కే మిషను దడదడ, అన్నీ రికార్డు చేసి, ముక్కలు చేసి, కీల మీద కూర్చి పాట కట్టేది. మాట మాత్రం బహు తక్కువ. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే తలూపడమే. "దీని నోట్లోంచి మాట రావడం కంటే బావిలోంచి చేద రావడం నయం" అనేది అమ్మ.

ఒకసారి షాపు యజమాని ఏదో కాలేజీ ఫంక్షనుకి స్పీకర్లు పంపిస్తూ, "నువ్వూ ఓ పాట వాయించమ్మా" అని ఆమెను స్టేజీ ఎక్కించాడు. ఎదురుగా అన్ని మొహాలు చూసేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, తీగలు కాళ్ళకి చుట్టుకుంటున్నా ఆగకుండా పరిగెత్తి, ఇంటికొచ్చి తలుపేసుకుంది.

అక్క వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. "ఏమే, నీ మొహం చూసే కదా వాళ్ళు నవ్వింది?"

లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"మొహమే లేకపోతే ఏం చూసి నవ్వుతారు? లేచి అన్నం తిను. నేనొకటి కుడతాను."

ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టారంటే ఎవరూ నమ్మేవారు కాదు. అక్క గలగలా మాట్లాడేది, ఊరందర్నీ వరసలు పెట్టి పిలిచేది. సిటీ బస్సు డ్రైవర్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుని, వీధి చివరే కాపురం పెట్టింది. ఇక ఆమె నవ్వు! బిందెలో నీళ్ళు నిండుతున్నట్టు లోలోపల గుడగుడమని మొదలయ్యేది. మధ్యలో ఎక్కిళ్ళొచ్చినట్టు ఒకచోట తట్టుకునేది. అక్కణ్ణుంచి ఒక్కసారిగా పగిలి పైకి లేచేది. ఎందుకు నవ్విందో తెలియకపోయినా విన్నవాళ్ళకి నవ్వొచ్చేది.

విరిగిన గొడుగుల నల్లగుడ్డ, ఇనుప చువ్వలు, షాపులో మిగిలిన బట్టముక్కలు పోగేసి అక్క ఒక గుడ్లగూబ తల కుట్టింది. బావ ఎక్కడో పాత బండ్ల లైట్ల అద్దాలు సంపాదించి తెచ్చాడు. వాటి వెనక చిన్నది బల్బులు పెట్టింది. కొలత సరిపోయిందో లేదో చూడాలని అక్కే ముందు తగిలించుకుని, తిన్నగా వంటింట్లోకి నడిచింది. అమ్మ చేతిలో గరిటె జారి కిందపడింది.

"ఓసి నీ దుంపతెగ! పొద్దున్నే ఇంట్లోకి గుడ్లగూబేంటే? అరిష్టం కాదూ?"

ఆ తలలోపల్నుంచే అక్క నవ్వింది. గొడుగుగుడ్డ లోపల ఆ నవ్వు గింగిరాలు తిరిగి ఇంకెక్కడిదో అన్నట్టు బయటికొచ్చింది. చిన్నదాని రికార్డరు ఎప్పటిలాగే ఆన్‌లో ఉంది.

ఆ నవ్వుని ఆమె ముక్కలు చేసింది. ఒక ముక్కని కిందికి దించి ఢమరుకంలా మోగించింది, ఇంకొకదాన్ని సాగదీసి వేణువులా పలికించింది. ఆ ముక్కల మీదే మొదటి పాట. గుడ్లగూబ రాణి అలా పుట్టింది.

రాణికి భయం లేదు. స్టేజీ మీద దీపాలన్నీ ఆరిపోయేవి. చీకట్లో రెండు గుండ్రటి కళ్ళు వెలిగేవి. మెడ మెల్లగా ఇటునుంచి అటు తిరిగేది. అప్పుడు నవ్వు. జనం గుండె ఝల్లుమనేది, మరుక్షణం ఊగిపోయేవారు. మొదట హోటళ్ళలో, తర్వాత హాళ్ళలో, ఆఖరికి పెద్ద పెద్ద మైదానాల్లో. అక్క ప్రతిచోటికీ వెంట వెళ్ళేది, స్టేజీ పక్కన సూది నోట్లో పెట్టుకుని నిలబడేది. రాణి మాట్లాడదు కాబట్టి పేపర్లవాళ్ళకి జవాబులు కూడా అక్కే చెప్పేది.

"ఆ నవ్వు ఏ మిషనుతో చేశారండీ?" అని ఒకాయన అడిగాడు.

"మా ఇంటి మిషనేనండీ. పని తక్కువ, తిండి ఎక్కువ" అంది అక్క. పక్కన రాణి తల లోపల చిన్నది పగలబడి నవ్వుతోందని ఆయనకేం తెలుసు.

ప్రోగ్రాములు పెరిగాయి. ఒక మేనేజరు వచ్చాడు. స్టేజీ కొద్దీ వేషమూ పెరగాలన్నాడు. చిన్నది అక్కని రెక్కలు అడిగింది, విప్పితే స్టేజీ అంతా కమ్మేసేంత పెద్దవి. అక్క సరేనంది. ఆ రోజుల్లోనే అక్కకి దగ్గు మొదలైంది. "బట్టల దుమ్ము" అని కొట్టిపారేసేది. చిన్నది విన్నది, నమ్మింది. ప్రపంచంలో ఏ చప్పుడునైనా విడదీసి చెప్పగలిగే ఆ చెవులు, అక్క దగ్గుని మాత్రం మామూలు దగ్గనుకున్నాయి. అక్క ప్రయాణాలు మానేసి, మంచం మీద కూర్చునే రెక్కలు పూర్తిచేసి పంపింది.

చిన్నది వేరే ఊళ్ళో ఉండగా బావ ఫోన్ చేశాడు. "బయల్దేరి రా అమ్మాయ్" అన్నాడు. ఆస్పత్రిలో అక్క మంచంలో కలిసిపోయినట్టు ఉంది, గొంతు పోయింది. చిన్నది వంగి చెవి దగ్గరగా పెట్టింది.

"ఎడమ రెక్క దగ్గర కుట్టు వదులుగా ఉంది" అంది అక్క. "ఎక్కువ ఊపకు."

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. రెండో రోజుకి పోయింది. అమ్మ గోడకి చేరబడి, "అప్పుడే చెప్పాను, గుడ్లగూబ వద్దని అప్పుడే చెప్పాను" అని అదే మాట తిప్పి తిప్పి అంది.

ఒప్పుకున్న ప్రోగ్రాములు ఉన్నాయని మేనేజరు మెత్తగానే గుర్తుచేశాడు. చిన్నది వెళ్ళింది. దీపాలు ఆరాయి, కళ్ళు వెలిగాయి. అలవాటుగా వేలు కీ మీద పడింది. మైదానం నిండా అక్క నవ్వింది. జనం కూడా అలవాటుగా ఆ నవ్వునే తిరిగి నవ్వారు. ఎక్కిళ్ళ దగ్గర ఆగారు, సరిగ్గా అక్కలాగే పగిలి పైకి లేచారు. రాణి కదలకుండా నిలబడిపోయింది. అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. తల లోపల గుడ్డ తడిసి మూతికి అంటుకుపోయింది. ఆ పూట ఎలాగో ఒడ్డెక్కింది.

ఆ నవ్వు అప్పటికే ఆమె చేతుల్లో లేదు. కూల్‌డ్రింకు కొట్ల దగ్గర, సెలూన్లలో, పిల్లల బొమ్మల్లో, జనం ఫోన్లలో, ఎక్కడ పడితే అక్కడ మోగుతోంది. ఒక మధ్యాహ్నం బావ డ్యూటీ మధ్యలో యూనిఫాం మీదే ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

"బస్సులో మీ అక్క నవ్వింది" అన్నాడు.

చిన్నదానికి అర్థమైంది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"వెనక సీట్లో ఎవరిదో ఫోను. నేను బ్రేకేసేశాను. నడిరోడ్డు మీద బస్సాపి వెనక్కి తిరిగి చూశాను. అందరూ తిట్టారు. తిట్టరా మరి?" గ్లాసు పట్టుకున్నాడేగానీ తాగలేదు. "నీ పొట్ట కొట్టాలని కాదమ్మాయ్. కానీ ఆపగలిగితే ఆపు. నా వల్ల కావట్లేదు."

చిన్నది మేనేజరుతో చెప్పింది. "ఆ నవ్వు తీసేస్తే రాణి దగ్గర ఇంకేం మిగులుతుంది?" అన్నాడు అతను. చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే అన్నాడు. అయినా ఆమె మొండికేసి, నవ్వు లేకుండా ఒక ప్రోగ్రాం ఇచ్చింది. జనం కాసేపు ఓపిక పట్టారు. తర్వాత ఈలలు. ఆ తర్వాత వాళ్ళే నవ్వడం మొదలుపెట్టారు, ఒక మూలనుంచి ఇంకో మూలకి పాకుతూ.

చిన్నది వాయించడం ఆపింది. రెండు చేతులా గుడ్లగూబ తల పట్టుకుని ఊడదీసింది. చెమటా కన్నీళ్ళూ కలిసిన మొహం, నుదుటికి అతుక్కున్న జుట్టు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది ముందు ఆమె నోరు విప్పింది ఆ ఒక్కసారే.

"అది మిషను నవ్వు కాదు. మా అక్కది. మా అక్క చచ్చిపోయింది. దయచేసి నవ్వకండి."

నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎవరో "శభాష్ రాణీ!" అని అరిచారు. చప్పట్లు మిన్నంటాయి. ఇంత గొప్ప నాటకం ముందెప్పుడూ చూడలేదన్నట్టు జనమంతా లేచి నిలబడి, కావాలని, ప్రేమగా, గొంతులు పగిలేలా నవ్వారు.

ఆమె ఆ గుడ్లగూబ తలని కీబోర్డు మీద పెట్టి, మెట్లు దిగి, వెళ్ళిపోయింది. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఎంతమంది వచ్చి బతిమాలినా తలూపలేదు. మైకుల షాపులో పాత స్టూలు మీదే వెళ్ళి కూర్చుంది. యజమాని ఏమీ అడగకుండా, కాలిపోయిన యాంప్లిఫయరు ఒకటి ముందుకు జరిపాడు.

జనానికి కొత్త పాటలు వచ్చాయి. ఫోన్లు మారాయి, వాటిలో మోతలూ మారాయి. రాణి ఎవరంటే గుర్తుచేసుకోవాల్సినంత కాలం గడిచింది. బావ జుట్టు నెరిసింది. ఒక ఆదివారం షాపుకొచ్చి, బల్ల మీది స్క్రూలని వేలితో అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఒక్కసారి వినిపిస్తావా?" అన్నాడు. "ఎలా నవ్వేదో గుర్తు రావట్లేదు. మొహం గుర్తుంది. గొంతు పోయింది."

చిన్నది తలొంచుకుంది. వంటింట్లో రికార్డు చేసిన అసలుది లేదు. కొత్త చప్పుళ్ళకి చోటు చాలక ఎప్పుడో చెరిపేసింది. అసలు మనిషే పక్కన ఉన్నప్పుడు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? పాటల్లో మిగిలినవీ సాగదీసిన ముక్కలు, కుదించిన ముక్కలే. వాటినే పట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుంది. కిందికి దించినదాన్ని పైకి లేపింది, సాగినదాన్ని కుదించింది, వరసలో అతికించింది. కళ్ళు మూసుకుని బావ విన్నాడు.

"ఇది రాణి" అన్నాడు నెమ్మదిగా.

"అవును బావా. నాకూ అలాగే వినిపిస్తోంది."

"పోనీలే, ఆపేయ్."

ఇద్దరూ ఇంటికి నడిచారు. అమ్మ వడ్డించింది, తిన్నారు. బావ కంచాలు కడిగాడు. అప్పట్నుంచి ఆదివారాలు వస్తున్నాడు. పాటల ఊసెత్తరు. అక్క గురించే చెప్పుకుంటారు. ఆమె ఎక్కిళ్ళు నవ్వు పగిలి పైకి లేవడానికి ముందొచ్చేవా, తర్వాతా అని అమ్మ అడుగుతుంది. ముందని చిన్నది అంటుంది, తర్వాతని బావ అంటాడు. ఎవరిది తప్పో తేల్చుకునే దారి లేదు కాబట్టి, ఎవరూ వాదించరు.