చోటు తప్పిన లైను

సోంపేట నుంచి రోజూ బస్సులో టెక్కలి కాలేజీకి వచ్చే మా ల్యాబ్ మేడమ్ ప్రోగ్రాముని తెర మీద చదివేవారు కాదు. ప్రింటు తీయించి, ఒక్కో లైను కింద వేలు పెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు పైకి చదివేవారు.

ఫైనలియర్ ప్రాజెక్టుకి లినక్స్‌లో నెట్‌వర్కు కార్డుని నడిపే డ్రైవరు ప్రోగ్రాము ఒకటి తీసుకుని, రెండు రకాల కార్డులకీ పనిచేయాలని ఈ కార్డైతే ఈ లైన్లు, ఆ కార్డైతే ఆ లైన్లు అని విడదీసే ఇఫ్‌డెఫ్‌లు దాని నిండా పెట్టాను. రేపు డెమో అనగా, కేబులు పెట్టగానే కంప్యూటరు బిగుసుకుపోయింది. కార్డు పాడైందన్నాను.

మేడమ్ వేలు ఒకచోట ఆగింది. "ఇక్కడ ఇంటరప్టులు ఆపేసినావు నాన్నా. మల్లీ తెరిసే లైను ఏదీ?"

కార్డు పిలుపులు కంప్యూటరుకి మళ్లీ వినపడేలా చేసే ఆ లైను రెండో కార్డు ఇఫ్‌డెఫ్‌లో ఉండిపోయింది. మా కార్డుకి అసలు కంపైలే కాలేదు, నడిచే ప్రోగ్రాములోకి రానేలేదు.

"ఇన్నేసి ఇఫ్‌డెఫ్‌లుంటే రాసినోడికే తెలీదు. సదివినోడికేటి తెలుత్తాది?"

సాయంత్రం దాకా పక్కన కూర్చుని, కార్డుల తేడాలన్నీ హెడర్ అనే ఒక్క విడి ఫైల్లోకి మార్పించారు. డ్రైవరు నడిచింది. ఆ కోడుని మేడమే లినక్స్ తయారుచేసేవాళ్లకి మెయిల్ చేశారు. కొన్ని వారాలకి, తీసుకున్నామని జవాబొచ్చింది. అందులో నా పేరొక్కటే ఉంది.

"సరిచేసింది మీరు కదా మేడమ్?" అన్నాను.

"లైను నీదే నాన్నా. నాను సోటు మార్సినాను, అంతే."