కొరియా ఆయన, రెండు కార్లు, మూతి కట్టని సంచి

ఆ రోజుల్లో మా గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల కంటే ఎక్కువగా చేతులు మారిన సరుకు 'ఎక్స్‌పోర్టు' అనే మాట. టీ బడ్డీ దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ ఏదో ఒక దేశంలో సరుకు కొనే పార్టీ ఒకటి ఉండేది. దేశం తలుపులు తీసేశారని, ఇక మన సరుకు బయటికి పోతుందని, వాళ్ళ సరుకు లోపలికి వస్తుందని పేపర్లు రోజూ రాసేవి. నేను అవన్నీ కత్తిరించి డైరీలో అంటించుకునేదాన్ని. (డిగ్రీ పాసై, నోరు పెగలక రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని, చివరికి మేనమామ సిఫార్సు మీద ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే పనికి కుదిరిన అమ్మాయికి దేశ భవిష్యత్తు గురించి ఆలోచించడానికి కావలసినంత తీరిక దొరికేది.)

మా షావుకారు గారి సరుకు అప్పటిదాకా బొంబాయి వ్యాపారుల చేతుల మీదుగా పైదేశాలకు వెళ్ళేది. "మధ్యలో వాళ్ళెందుకమ్మాయ్? మనమే ఉత్తరం ముక్క రాస్తే పోలా?" అన్నారు ఒకరోజు. నేను రాసిన ఉత్తరం ముక్కలు ఎన్ని ఏ సముద్రంలో మునిగాయో తెలియదు గానీ, ఒక్కదానికి మాత్రం కొరియా నుంచి జవాబొచ్చింది. కొరియా వాళ్ళు కూడా మనలాగే మిరపకాయ లేకపోతే ముద్ద దిగని మనుషులట. సరుకు చూడటానికి వాళ్ళ కంపెనీ పెద్దమనిషి స్వయంగా వస్తున్నారు. ఆ ఉత్తరాన్ని షావుకారు గారు మూడుసార్లు చదివించుకుని, నాలుగోసారి వాళ్ళావిడకి ఫోన్లో చదివించారు.

ఇక్కడ ఐరావతం గురించి చెప్పాలి. అది తెల్ల అంబాసిడర్. నెల బాడుగ మీద ఎనిమిదేళ్ళుగా మా ఆఫీసుకే తిరుగుతోంది. ఆ పేరు యార్డు హమాలీలు పెట్టింది. దాని యజమానీ డ్రైవరూ ఒక్కడే. నమాజు వేళ తప్పని, హారను వేళకాని వేళ కొట్టని నెమ్మదస్తుడు. షావుకారు గారు 'సాయిబూ' అనేవారు, నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన ఇల్లు మా నల్లపాడు వైపే కాబట్టి సాయంత్రాలు నన్ను ఇంటి దగ్గర దింపి వెళ్ళేవాడు. దారి పొడుగునా ఒక్క ప్రశ్న వేసేవాడు కాదు. మనల్ని మాట్లాడకుండా కూర్చోనిచ్చే మనుషులు ఎంత తక్కువో సిగ్గరులకే తెలుస్తుంది.

కొరియా కబురు వినగానే షావుకారు గారి బావమరిది ఊడిపడ్డాడు. ఆ మధ్యే కొత్త కారు కొన్నాడు. కొరియా కంపెనీ వాళ్ళు మన దేశంలోనే తయారు చేస్తున్న చిన్న కారు. "బావా, ఆయన్ని ఆ ఐరావతంలో ఎక్కిస్తావా? పరువు పోతుంది. వాళ్ళ దేశం కారే నా దగ్గరుంది. ఎక్కితే సొంతింట్లో కూర్చున్నట్టుంటుంది ఆయనకి. అయినా ఈ అంబాసిడర్ల పని అయిపోయింది బావా, ఇంకో నాలుగేళ్ళు పోతే పిల్లలకి బొమ్మల్లో చూపించుకోవాలి."

షావుకారు గారు గడ్డం గోక్కున్నారు. "సరే. ఆయనకి నచ్చిందంటే వచ్చే నెల నుంచి ఆఫీసుకి నీ కారే పెట్టుకుందాం. ఏం సాయిబూ, ఏమీ అనుకోవుగా?"

"అనుకోవడానికేముందండీ. కాలానికి మన బ్రేకులు పనిచేస్తాయా?" అన్నాడు బాబాయ్.

ఆ సాయంత్రం మాత్రం దారిలో తనే మాట్లాడాడు. "ఆఫీసు బాడుగ పోతే ఈ బండికి పెళ్ళిళ్ళే దిక్కమ్మా. పెళ్ళిళ్ళకి కూడా ఇప్పుడు కొత్త కార్లే అడుగుతున్నారు. పెద్దమ్మాయిది ఇంటరు రెండో సంవత్సరం." అంతే, మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు. నాకు ఏదైనా అనాలనిపించింది. అలవాటు లేక అనలేదు.

ఇక నా సంగతి. వచ్చే ఆయన ఇంగ్లీషు మాట్లాడతారట, మా ఆఫీసులో ఇంగ్లీషు తెలిసిన ప్రాణిని నేనొక్కదాన్నే. తెలియడమంటే లావు లావు పుస్తకాలు చదివేదాన్ని, ఉత్తరాలు బ్రహ్మాండంగా రాసేదాన్ని. పలకడం మాత్రం అద్దం ముందు కూడా ఎరగను. డైరీలో నాలుగు పేజీల నిండా వాక్యాలు రాసి బట్టీపట్టాను. 'మా నేల మీద పాదం మోపిన మహాశయా' అనే అర్థం వచ్చే ఇంగ్లీషుతో అవి మొదలయ్యేవి.

తీరా చూస్తే కొరియా ఆయన నాకంటే సిగ్గరి. యాభై ఏళ్ళ మనిషి, చక్కగా ఇస్త్రీ చేసిన టోపీ, అరువు తెచ్చుకున్నట్టున్న ఇంగ్లీషు. హోటలు మెట్ల మీద ఆయన నా చెప్పుల వంక, నేను ఆయన బూట్ల వంక చూసుకుంటూ పరిచయమయ్యాం. మహాశయా అన్న వాక్యం గొంతులోనే ఉండిపోయింది.

ప్రత్తిపాడు పక్కన ఒక రైతు కళ్ళంలో కాయ ఆరబోసి ఉంది, అది చూపించాలి. కొత్త కారు బావమరిది తోలుతున్నాడు, పక్కన షావుకారు గారు, వెనక కొరియా ఆయన, ఆయనకి జానెడు కూడా తగలకుండా తలుపులో కలిసిపోయి నేను. భోజనం క్యారేజీలు, అరిటాకులు, మంచినీళ్ళ క్యానుతో ఐరావతం మా వెనక వస్తోంది. ఎనిమిదేళ్ళుగా ముందు నడిచిన బండి, ఆ రోజు వంటసామాను బండి.

శాంపిల్ మిరపకాయల సంచులు మూడు, బయల్దేరే ముందు కొత్త కారు డిక్కీలో పెట్టింది నేనే. శాంపిల్ సంచికి మూతి కట్టకూడదని మా ఆఫీసులో శాసనం. కడితే లోపల చెమ్మ పట్టి రంగు తగ్గుతుందట. ఐరావతంతో ఇబ్బంది లేదు. దాని డిక్కీ ఒక ప్రత్యేకమైన గది, అందులో మేకపోతుని పడుకోబెట్టినా ముందు కూర్చున్న వాళ్ళకి తెలియదు. ఈ కొత్త కారులో డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఉన్నది ఒక పల్చటి అట్టలాంటి పలక మాత్రమే. నేను దాన్ని గమనించలేదు. ఆర్థిక సంస్కరణల గురించి అన్ని కాగితాలు అంటించుకున్న మనిషిని, కారు వెనక ఏముందో చూడలేదు.

బావమరిది అద్దాలన్నీ బిగించి, ఏసీ చూపించుకోవాలనే సంబరంతో ఫుల్లుగా పెట్టాడు. గతుకు మీద గతుకు. కాసేపటికి కొరియా ఆయన గొంతు సవరించుకున్నారు. తర్వాత ముక్కు తుడుచుకున్నారు. తర్వాత కళ్ళవెంట ధారాపాతంగా నీళ్ళు. మాకు ముగ్గురికీ ఏమీ తెలియలేదు. పుట్టినప్పటినుంచీ మిరపకాయల మధ్య పెరిగిన ముక్కులు మావి, ఆ ఘాటు మాకు గాలితో సమానం.

షావుకారు గారు వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డారు. "అమ్మాయ్, ఆయన ఏడుస్తున్నాడేంటి?"

"సొంత దేశం కారు ఎక్కేసరికి ఇల్లు గుర్తొచ్చుంటుంది బావా," అన్నాడు బావమరిది గర్వంగా.

"అడుగమ్మాయ్, అడుగు."

నా నాలుగు పేజీల్లో ఏడ్చే మనిషిని పలకరించే వాక్యం లేదు. ఉన్నవాటిలో దగ్గరగా తోచింది తీశాను. "సార్, మీ కుటుంబ సభ్యులందరూ క్షేమమేనా?" ఆయన ఎర్రబడ్డ మొహంతో, చేతిరుమాలులోంచి "ఎస్, ఎస్" అని, ఏడు తుమ్ములు వరసగా తుమ్మారు. "ఉక్కపోస్తున్నట్టుంది పాపం," అని బావమరిది ఏసీ ఇంకా పెంచబోయాడు గానీ, పెరగడానికి అందులో ఇంక మిగల్లేదు.

అప్పుడు వినిపించింది ఐరావతం హారను. అంత సేపు ఆగకుండా అది మోగడం నేనెప్పుడూ వినలేదు. వెనక అద్దంలోంచి తుమ్ముతున్న తలని చూశాడో ఏమో, బాబాయ్ మమ్మల్ని దాటివచ్చి అడ్డంగా ఆపి, తలుపు తీసి, కొరియా ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. పలక పక్కకి జారి ఉంది. ఒక సంచి బోర్లపడి, కాయలూ గింజలూ సరిగ్గా ఆయన కాలరు వెనకే కుప్ప పడ్డాయి. బాబాయ్ వాటిని చూసి, నన్ను చూసి, నాకొక్కదానికే వినపడేలా, "మూతి కట్టలేదా తల్లీ?" అన్నాడు. భూమి చీలితే బాగుండుననుకున్నాను, అదీ చీలలేదు.

క్యానులో నీళ్ళతో మొహం కడుక్కుని, గ్లాసుడు మజ్జిగ తాగి, కొరియా ఆయన ఎవరినీ అడక్కుండా తిన్నగా వెళ్ళి ఐరావతం ముందు సీట్లో కూర్చున్నారు. అద్దం పూర్తిగా దించి మోచెయ్యి బయట పెట్టుకున్నారు. నేను వెనక, క్యారేజీల మధ్య. పత్తిచేల గాలి రివ్వున కొడుతోంది. ఈ బండి వయసెంత అన్నారాయన. "మా పెద్దమ్మాయి కంటే పెద్దదని చెప్పమ్మా," అన్నాడు బాబాయ్. చెప్పాను. ఆయన నవ్వారు. తనకీ ఒక కూతురుందనీ, నాలాగే మాట్లాడదనీ అన్నారు. కళ్ళం చేరేలోపు నేను బట్టీపట్టని వాక్యాలు ఎన్నో మాట్లాడేశాను.

కళ్ళంలో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కాయ విరిచి, ఎండకేసి చూసి తృప్తిగా తలూపారు. తిరుగు ప్రయాణం కూడా ఐరావతంలోనే. హోటలు దగ్గర దిగాక షావుకారు గారు అసలు సంగతి తీశారు. "కార్ల మాట అడుగమ్మాయ్. మొహమాటం లేకుండా చెప్పమను."

అడిగాను. ఆయన మొహమాటం లేకుండానే చెప్పారు. చిన్న కారు చాలా మంచి కారు, మా ఆవిడది కూడా అదే, సంచులు మాత్రం వేరే బండిలో పెట్టండి. పెద్ద కారు గట్టిది, ముసలిది, నడుం నొప్పి పుట్టించింది. అని, నవ్వుతూ రెండు చేతులూ నడుముకి ఆనించి కొద్దిగా వంగారు.

నేను బాబాయ్ వంక చూశాను. అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని మళ్ళీ తుడుస్తున్నాడు.

"చిన్నది వాళ్ళింట్లో కూడా ఉందటండీ, కొత్తేముందంటున్నారు," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "ఐరావతం గట్టిదంటున్నారు. అనుభవం ఉన్న బండి అంటున్నారు."

"మరి నడుం పట్టుకున్నాడేంటి?"

"అది మర్యాదండీ. వంగి నమస్కారం చేసే దేశం కదండీ."

షావుకారు గారు వెంటనే రెండు చేతులూ నడుముకి ఆనించి వంగారు. బావ వంగాక తప్పదని బావమరిదీ వంగాడు. కొరియా ఆయన బిత్తరపోయి, ఇది గుంటూరు ఆచారం కాబోలనుకుని ఇంకా లోతుగా వంగారు.

ఆర్డరు వచ్చింది. ఐరావతం నిలిచింది. ఆ రోజు డైరీలో నేను 'స్వదేశీ కార్ల పరిశ్రమ భవిష్యత్తుకు ఏ ఢోకా లేదు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఆ గీతల సిరా సరిగ్గా వెలిసిపోకముందే ఐరావతం పాత ఇనుముకి వెళ్ళింది. అమ్మింది మరెవరో కాదు, బాబాయే. పెద్దమ్మాయి టీచరయ్యాక సెకండ్ హ్యాండ్ కారు ఒకటి తీసుకున్నాడు, అదే కొరియా చిన్నకారు. ఈ మధ్య ఊరెళ్ళినప్పుడు స్టేషనుకి దింపడానికి దాంట్లోనే వచ్చాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్నది చెప్పేద్దామని, "బాబాయ్, ఆ రోజు కొరియా ఆయన నిజానికి..." అని మొదలుపెట్టాను.

"నడుం నొప్పన్నాడు, తెలుసు. ముప్పై ఏళ్ళు ఆఫీసర్లని తిప్పినవాణ్ణి, బ్యాక్ పెయిన్ అన్న ముక్క నాకు రాదా?"

"మరి అప్పుడే అనలేదేం?"

"నువ్వు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు తల్లీ. మధ్యలో అడ్డొస్తే మళ్ళీ నోరు తెరుస్తావో లేదో అని."

నేను తర్జుమా పేరుతో అల్లిన మాటల్ని, తుడవక్కర్లేని అద్దం తుడుస్తూ ఆయన నాకోసం నిలబడి విన్నాడన్నమాట.

ఆయనే అందుకున్నాడు. "డిక్కీలో మీ అమ్మ కారప్పొడి పెట్టిందిగా. మూతి కట్టావా?"

"కట్టాను బాబాయ్, రెండు ముళ్ళు వేశాను."

బాబాయ్ తలూపాడు. ఆపైన ఏసీ కట్టేసి, నాలుగు అద్దాలూ దించేశాడు.