లేదని వచ్చిన రిపోర్టు

నా భార్య చెల్లెలి భర్త నాకు సడ్డకుడు. ముప్పై ఏళ్లుగా అతనంటే నాకు కుళ్లు. దాచడమెందుకు? కోదాడలో మా అత్తగారింట్లో నాటుకోడి వండితే మొదటి గరిటె అతని పళ్లెంలోనే పడేది. నేను బస్సు డ్రైవర్ని, అతను మిర్యాలగూడలో రైస్ మిల్లు మేనేజరు. నాకు నలభై దాటేసరికే బట్టతల. అతని జుట్టు ఇప్పటికీ నల్లగానే ఉంది, అదీ రంగు వేయకుండా.

అతనికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తెలిసినప్పుడు పాపం అనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే నాకూ అదే వచ్చింది. ఇద్దరికీ సూర్యాపేటలో ఒకే డాక్టరు, మగ హార్మోన్‌ను అణిచే ఒకే ఇంజెక్షన్. జబ్బులో కూడా పోటీ తప్పలేదు. రక్తపరీక్షలో జబ్బు జోరు చెప్పే పీఎస్ఏ అతనికి బాగా దిగిందని మా ఆవిడ ఫోన్లో విని సంబరపడిన రోజు నాకు అన్నం సయించలేదు.

తర్వాత డాక్టరు మా ఇద్దరి గడ్డల్లోంచి తీసిన ముక్కలను ఇంకో పరీక్షకు పంపాడు. పీటెన్ అని ఏదో చూస్తారట. రిపోర్టులు ఒకే రోజు ఫోన్లకు వచ్చాయి. నాకు లేదు. అతనికి ఉంది.

మా ఇళ్లలో రిపోర్టు చదవడమంటే అంతే. షుగర్ లేదంటే మంచిది, టీబీ లేదంటే మంచిది. "లేదంటండీ!" అని మా ఆవిడ దేవుడి పటానికి దండం పెట్టి సేమ్యా పాయసం చేసింది. రెండు గిన్నెలు తిని మిర్యాలగూడకు ఫోన్ చేశాను. పరామర్శ అన్నది సాకు మాత్రమే.

"నాకైతే లేదంట తమ్మీ. నీకు ఉన్నదటగా? పరేషాన్ గాకు."

"అవునన్నా, ఉన్నదట," అన్నాడు దిగులుగా. ఆ దిగులు నాకు పాయసం కన్నా తియ్యగా ఉంది.

నాలుగు రోజులకు నా వంతు వచ్చింది. డాక్టరు రిపోర్టు చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కణానికి పెరగమనే కబురు హార్మోన్ నుంచే కాదు, ఇంకో దారిలో కూడా అందుతుందట. ఆ రెండో దారిలో కబురును ఆపేదే పీటెన్.

"మీరు డ్రైవర్ గదా, బ్రేకనుకోండి. మీ గడ్డల అది లేదు. ఇసొంటివి జర తొందరగా ముదురుతయి. అందరికీ గట్లనే అయితదని కాదు. కానీ మనం జాగ్రత్తగా సూసుకుంట ఉండాలె."

"మరి ఉన్నోళ్లకు?"

"వాళ్లకు జర నయం."

కోదాడ నుంచి మిర్యాలగూడకు ఇరవై రెండేళ్లు బస్సు నడిపాను. బ్రేకు లేదంటే ఏమిటో నాకు విడమరిచి చెప్పక్కరలేదు. అయినా గది బయటికి వచ్చాక నాకు ముందు తట్టింది చావు కాదు. ఇది కూడా వాడికే ఉంది అనుకున్నాను.

ఇంట్లో అంతా బాగుందన్నాను. సడ్డకుడికి ఫోన్ చేయలేదు. అతను డాక్టర్ని కలవడానికి ఇంకా పది రోజులుంది. అన్నాళ్లూ భయపడనీ అనిపించింది.

మూడో రోజు అతనే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే గొంతు తగ్గించాడు.

"అన్నా, నాకు ఉన్నదని తెలిసినకాడి నుంచి ఒక్కటే అనుకుంటున్న. నీకైనా లేదు గదా. నాకేమన్న అయితే మా పిల్లలకు నువ్వున్నవ్."

సిగ్గుతో తల వంగిపోయింది. ఆ వెనకే మళ్లీ కుళ్లు. నేను ఒక్కనాడైనా వాడిలా ఆలోచించానా? మంచితనంలో కూడా మొదటి గరిటె వాడికే.

"తమ్మీ, మనం ఉల్టా చదివినం," అన్నాను. "అది రోగం కాదు, రోగానికి బ్రేకు. ఉండాలె. నీకు ఉన్నది."

అతని ముఖం వెలిగింది. అంతలోనే ఆ వెలుగు పోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మరి నీకు, అన్నా?"

"నాకు లేదు," అన్నాను. వారం కింద ఫోన్లో గర్వంగా చెప్పిన మాటే.